వెనక వరుస గంజి

రాసాత్తి నోరు విప్పితే బతుకుతుంది. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. అయినా లాకప్ గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, నేను అడిగిన ప్రతిదానికీ నేల వంకే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఆమెను మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టి, అటునుంచి అటే సెంట్రల్ జైలుకు తోలడానికి ఇన్‌స్పెక్టర్ దేవరాజన్ వ్యాను సిద్ధం చేసి పెట్టాడు. నాకు దయతలచి ఇచ్చింది పావుగంట. అందులో సగం అప్పుడే అయిపోయింది.

కేసు వినడానికి సులువే. పీలమేడు అవతల మా కుళందైసామి నాయుడు మేనేజరుగా ఉన్న మిల్లు, దాని వెనక చేరి, అంటే అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టినవాళ్ళ వాడ. మూడు చలిదేశాల వాళ్ళు కలిసి పెట్టిన సహాయ సంఘం, మన సర్కారుతో ఒప్పందం చేసుకుని, అక్కడి పిల్లలకు రోజూ పొద్దున గంజి పోయిస్తోంది. పిండి ఓడలో వస్తుంది. వంట, వడ్డన చూసే కమిటీకి కార్యదర్శి కుళందైసామే. సంఘం పెట్టిన షరతు ఒక్కటి. మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో ఉండే పిల్లలైనా, చేరి పిల్లలైనా ఒకే వరుసలో కూర్చోవాలి, ఒకే గంగాళంలోంచి తాగాలి.

మంగళవారం గంజి తాగిన చేరి పిల్లలు పద్దెనిమిది మంది ఆకుపచ్చగా వాంతులు చేసుకున్నారు. దీపాలు పెట్టే వేళకు ఇద్దరు పోయారు. మిల్లు లైన్ల పిల్లల్లో ఒక్కడికి తుమ్ము కూడా రాలేదు.

గంగాళం ఒకటే కాబట్టి, వండి పోసిన చేరి మనిషి రాసాత్తే గ్లాసులు ఎంచి ఎంచి విషం కలిపిందని దేవరాజన్ తేల్చాడు. తన వాళ్ళనే ఎందుకు చంపుకుంటుందయ్యా అంటే, ఆమె మొగుడు యూనియన్ గొడవల్లో ఉద్యోగం పోగొట్టుకున్నవాడనీ, మిల్లు పరువు తీయడానికి ఎంతకైనా తెగిస్తారనీ అన్నాడు. దానికి తోడు చేరిలో ఇంటికొక పిల్ల పడిపోతే రాసాత్తి కూతురు మాత్రం నిక్షేపంగా ఆడుకుంటోంది. ఇక ఆమె ఇచ్చిన వాంగ్మూలం ఒకే మాట. "నేనుదా పోస్తిని" అంది. నేనే పోశానని. గంజి పోశానని ఆమె అంటే, విషం పోశానని స్టేషన్ రైటరు రాసుకున్నాడు. రైటరుకు తెలుగు రాదు, ఆమెకు తమిళంలో వాదించే ఓపిక లేదు.

నన్ను పెట్టుకున్నది సంఘం ప్రతినిధి కారిన్ దొరసాని. సాయంత్రంలోగా నిజం తేలకపోతే అన్ని ఊళ్ళలోనూ గంజి ఆపేయమని తన దేశానికి తంతి ఇవ్వాలి ఆమె. నాకు డిటెక్టివ్ చెన్నకేశవన్ అని బోర్డుంది గానీ, ఆ పొద్దున నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు. మా ఇంట్లో మాట్లాడే తెలుగు ఒక్కటే ఉంది.

నీ కూతురు ఎందుకు తాగలేదని మూడోసారి అడిగాను. ఈసారి ఆమె కళ్ళెత్తింది.

"మా పాపకి అడుగుదా సామీ. అందురికీ పోసినాక అండా గీకి పెడతాను. ఆ పొద్దు అడుగు మిగల్లే."

అండా అంటే ఇక్కడివాళ్ళకు గంగాళం. దేవరాజన్ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఆకలితో నిద్రపోయిన ఒక పిల్ల అన్నమాట. నాకు కోపం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, దిగమింగుకుని మామూలుగా అడిగాను, గీకేది దేనితోనని.

"నా గరిటెతోనే."

నా గరిటె. కమిటీ రాసిచ్చిన సామాన్లలో గరిటె ఒకటే, అది ఇత్తడిది, గంజి కాచే షెడ్డుది. వంట మనిషి షెడ్డు గరిటెను నాది అనదు. చేరి మనిషి అసలే అనదు. నేను కటకటాల దగ్గరికి వంగి, రెండో గరిటె ఉందంటే రెండో అండా కూడా ఉండాలి కదమ్మా అన్నాను.

ఆమె చేత్తో నోరు మూసుకుంది. అన్న మాట మళ్ళీ లోపలికి తోసుకుంటున్నట్టే ఉంది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఫోటోలు తీసిన రోజు తప్ప ఎన్నడూ ఒకే వరుస లేదట. ముందు వరుసకు, అంటే మిల్లు లైన్ల పిల్లలకు, షెడ్డులో ఇత్తడి అండా, దాన్ని ఈమె ముట్టకూడదు; వెనక వరుస చేరి పిల్లలకు గోడ అవతల మట్టిలో సీమవెండి అండా. మంగళవారం పిండి చాలకపోతే మిల్లు బండిలో మూట వచ్చిందట. బండివాడు గంజిపిండి అని చెప్పి దించాడట. కలిపితే నీలంగా ఉందని ఆమె అడిగింది కూడా. దొరసాని సత్తువ మందు కలిపి పంపిందిలే, బెల్లం వేసి కాచు అన్నాడట.

ఇదంతా ఇన్‌స్పెక్టరుకు ఎందుకు చెప్పలేదన్నాను.

"రెండు అండాలు వుండాదని దొరసానికి తెలిస్తే గంజి నిలిపేస్తాదని మేనేజర్ సామి సెప్పె. నేను పొయ్యేది ఒకతెను. గంజి నిలిస్తే చేరి పూరా పోతాది. మీరూ సెప్పొద్దు సామీ, మీ కాళ్ళకి మొక్కుతాను."

నేను మాటివ్వలేదు. ఇచ్చి ఉంటే ఆమె ఉరికి నేనే తాడు పేనినట్టు అయ్యేది. ఇవ్వకుండా లేచి రావడం మాత్రం సులువనుకోకండి.

కారిన్ దొరసాని కారు బయటే ఉంది. ఒక కానిస్టేబుల్‌ను సాక్షిగా వెంటబెట్టుకుని గంజి షెడ్డుకు వెళ్ళాం. దేవరాజన్ మనుషులు అక్కడ అంగుళం అంగుళం వెతికామని రాసుకున్నారు. వాళ్ళు వెతికింది లోపల. లోపల అంతా పత్రికలో వేయడానికి పనికొచ్చేలా ఉంది. ఒకే పొయ్యి, ఒకే ఇత్తడి గంగాళం, కొక్కేనికి ఒకే గరిటె, గోడ మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అందరూ సమానులే అని పెయింటు రాతలు. కారిన్ ఆ రాతల వంక చూసి నా వంక చూసింది. నేను ఆమెను గోడ అవతలికి రమ్మన్నాను.

అవతల మంగళవారం నుంచి ఎవరూ తిరగని నేల. అలుకు ఎండి బెచ్చులు లేచి ఉంది. మధ్యలో ఒక జానెడు తక్కువ బారెడు చోటు మాత్రం పచ్చి పేడతో నున్నగా అలికి ఉంది. పిల్లలు ఇద్దరు పోయిన చోట, పొయ్యి కూడా వెలగని రోజుల్లో, ఎవరికయ్యా అలుకు పెట్టే తీరిక? చెప్పు మొనతో గీకాను. కింద బూడిద, దాని కింద మసిబారిన మట్టి, మూడు రాళ్ళు పీకేసిన గుంటలు. కారిన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుంటలు చేత్తో తడిమింది. తన రిపోర్టులన్నిట్లోనూ ఒకే వరుస అని రాశానని ఇంగ్లీషులో అంది. ఎవరితో అందో తెలియదు, నాతో మాత్రం కాదు.

గంగాళాన్ని మాయం చేశారు సరే. గరిటె ఏమైనట్టు? నేను నేల మీద వెతకడం మానేసి చూరు చూశాను. వెనక వరుస గరిటె షెడ్డు లోపలికి రాకూడదు. అది ఇక్కడ పుట్టి పెరిగిన ఎవరికైనా చెప్పకుండానే తెలిసే ఆచారం. అలాంటి గరిటెను పని అయ్యాక బయట తాటాకు చూరులోనే దోపుతారు. గంగాళాన్ని ముట్టకుండా కర్రలకు కట్టి ఈడ్చుకెళ్ళి ఉంటారు, వాళ్ళు గరిటెను మరిచిపోలేదు. దాన్ని ముట్టుకోవడానికి వాళ్ళకు చెయ్యి రాలేదు. ఎంత మడి కట్టుకుంటే అంత మంచిదయింది నాకు.

చూరులోనే దొరికింది, ఇనుప గరిటె. కాడంతా నల్లగా, తుప్పుతో ఉంది. గంజిలో మునిగిన గుంట మాత్రం కొత్త తామ్రపు కానీలా ఎర్రగా మెరుస్తోంది.

కానిస్టేబుల్ అది రక్తమా అని అడిగాడు. రాగి అని చెప్పాను. మా నాన్న ఇలాంటి మిల్లులోనే నూలుకు గంజి పెట్టే విభాగంలో, మిల్లు భాషలో గంజి ఖాతాలో, పనిచేశాడు. గంజి బూజు పట్టకుండా అందులో మైలుతుత్తం అనే నీలి రాగి విషం కలుపుతారు. ఆ గంజిలో కత్తి పడితే ఇనుము మీద రాగి ఎక్కి ఎర్రబడేది, మా అమ్మ ఆ కత్తిని ఇంట్లోకి రానిచ్చేది కాదు. పిల్లల ఆకుపచ్చ వాంతులకు కారణం నా చేతిలో ఉంది. ఇక కావలసింది ఒక్కటే. నూలుకు పెట్టే పిండి నోటికి ఎలా వచ్చింది?

మిల్లు ఆఫీసు గదిలో గడియారం పదకొండున్నర చూపిస్తోంది. కుళందైసామి నాయుడు, దేవరాజన్ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. కుళందైసామి మనిషి పెద్దరికంగా ఉంటాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట, ఎవరొచ్చినా ముందు కాఫీ చెప్పే మర్యాద. నాకూ చెప్పబోయాడు. నేను గరిటెను పేపర్లో చుట్టినదాన్ని విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి జరిగాడు. చూసింది రాగిని కాదు, ఏ గరిటెనో గుర్తుపట్టాడు.

దేవరాజన్ నవ్వాడు. అతనికీ నాకూ పాత పేచీ. ప్రైవేటు డిటెక్టివులంటే పెళ్ళి సంబంధాలు వాకబు చేసే బ్రోకర్లని అతని అభిప్రాయం. పాత ఇనుప సామానుతో కేసు కొట్టేయించాలని చూస్తున్నావా అని తమిళంలో అడిగాడు. ముద్దాయే ఒప్పుకుంది, ఆమె పిల్ల తప్ప అందరూ పడిపోయారు, ఇక నీకేం కావాలన్నాడు.

"ఆమె పిల్లకు గంజి మిగల్లేదు ఇన్‌స్పెక్టర్. ఆకలితో పడుకున్న పిల్లని చూపించి తల్లిని ఉరి తీయిస్తావా?"

అతని నవ్వు ఆగింది గానీ మొండితనం తగ్గలేదు. రెండో గంగాళం అనేది నీ ఊహ, కమిటీ రికార్డులో లేదన్నాడు. అయితే కమిటీనే అడుగు, ఎదురుగానే కూర్చుంది అన్నాను. కుళందైసామి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. గోడ వెనక చేరివాళ్ళు ఏం వండుకున్నారో తనకెలా తెలుస్తుందన్నాడు. ఆ మాటతో రాసాత్తి తల మీద ఇంకో రోకటిపోటు పడింది. గుమ్మంలో నిలబడ్డ కారిన్ తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో ఇంకా ఆ మసి ఉంది.

నేను స్టోరు చూసే మునిసామిని పిలిపించాను. పిలవద్దనడానికి కుళందైసామికి వీలు చిక్కలేదు, దేవరాజన్ చూస్తున్నాడు. మునిసామి తుండుగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మంగళవారం గంజిపిండి మూట పంపింది నువ్వేనా అన్నాను. తానేనన్నాడు. ఏ పిండి అన్నాను.

"ఏ గంజిపిండి అని నేనూ అడిగితినే సామీ. నూలుకు పెట్టేదా, నోటికి పోసేదా అని. సీక్కిరం ఎత్తురా అని బండోడు కసిరె. వాకిలి పక్కన వుండేదే ఎత్తిస్తిని."

దేవరాజన్‌కు తెలుగు అంతంతమాత్రం. తమిళంలో మళ్ళీ చెప్పించుకున్నాడు. చెప్పించుకున్నాక అతను అడిగిన ప్రశ్నకు, పేచీ పక్కన పెట్టి, నేను సలాం కొట్టాలనుకున్నాను. నోటికి పోసే పిండి మిల్లు స్టోరులో ఎందుకుంది అన్నాడు.

మునిసామికి దాచాలని తెలియదు పాపం. ఓడ పిండి వచ్చిన ప్రతిసారీ సగం మూటలు ఇక్కడే దిగుతాయన్నాడు. తెల్లటి మంచి పిండి, నూలుకు బాగా పడుతుందని గంజి ఖాతాకు ఇస్తారట. మిల్లులో తుత్తం కలిపి కట్టిపెట్టిన మూటలకూ గంజిపిండి అనే పేరు, చేరి పిల్లలకని వచ్చిన మూటలకూ గంజిపిండి అనే పేరు. రెండు అడుకులూ, అంటే దొంతరలూ, పక్కపక్కనే ఉంటాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. పిల్లల గంజి మిల్లు బట్ట తాగింది, మిల్లు గంజి పిల్లలు తాగారు.

అప్పుడు కూడా కుళందైసామి దొంగతనం వరకే ఒప్పుకుని, గంగాళాల సంగతి దాటేయాలని చూశాడు. కమిటీ మీద మచ్చ పడితే విదేశాలవాళ్ళు చెయ్యి తీసేస్తారనీ, నష్టపోయేది బీదలేననీ నాకు నచ్చజెప్పబోయాడు. రాసాత్తి చెప్పిన మాటే ఇది. ఆమె నోట వింటే నాకు గుండె పట్టేసింది. ఈయన నోట వింటే చెయ్యి చేసుకోవాలనిపించింది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాడు. మునిసామి వైపు తిరిగి చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"సోమవారం మదురై లారీకి ఏ మూటలు ఏస్తివిరా?"

"వాకిలి పక్కన అడుకే సామీ. అదుదానే దగ్గిర."

కుళందైసామి గోడ గడియారం వైపు తిరిగాడు. మదురై పాత తెలుగు వీధుల్లో సంఘం కొత్త గంజి కేంద్రం ఈ రోజే తెరుస్తున్నారు. అక్కడి పిండి కూడా ఈయన చేతుల మీదుగానే పోతుంది. ఇక్కడ కాజేసినదానికి అక్కడ లెక్క సరిపెట్టడానికి నాలుగు మూటలు పంపాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు మూడు వందల మంది పిల్లలు కూర్చుంటారు. గడియారంలో పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది.

నేను టెలిఫోన్ వైపు దూకాను. ఆపరేటర్ మదురై ట్రంక్ కాల్‌కు రెండు గంటలు పడుతుందన్నాడు. పోలీసు అత్యవసరమైతే వెంటనే ఇస్తాం అన్నాడు. నేను రిసీవర్‌ను దేవరాజన్ ముందు పట్టుకున్నాను.

అతను అందుకోలేదు. ఆ ఫోను చేశాడంటే పిండిలో విషం ఉందని పోలీసు శాఖ తరఫున ఒప్పుకున్నట్టే. రాసాత్తి కేసు అక్కడితో సరి. ఆమెను పట్టుకున్నందుకు పత్రికల్లో పడ్డ అతని ఫోటో పరువు కూడా. అదంతా అతని ముఖంలో కదలడం నాకు కనిపించింది. అతన్ని తిట్టడానికి నా దగ్గర మాటలు లేకపోలేదు, టైము లేదు. రెండు గంగాళాలున్నాయని ఈయన నోటితో అనిపిస్తే చేస్తావా అన్నాను. అతను తల ఊపాడు.

కుళందైసామిని నేను అడగనక్కర్లేకపోయింది.

"రెండు వుండె," అన్నాడు. "ముందు వరుసకి ఒకటి, చేరికి ఒకటి. నేనే పెట్టిస్తిని. ఆ పొమ్మనాట్టి, ఆ రాసాత్తి, ఏ పాపమూ ఎరగదు. ఫోను సెయ్యండి దేవరాజన్, మీకు పుణ్యముంటాది."

మా వెంట వచ్చిన కానిస్టేబుల్ ఆ మాట రాసుకున్నాడు. రాసాత్తి మెడ మీది తాడు అక్కడ తెగింది. రెండు రోజులుగా నేను కోరుకున్నది అదే. కానీ ఆ క్షణాన నాకు సంతోషం అనేది దరిదాపుల్లో లేదు. దేవరాజన్ రిసీవర్ లాక్కుని, కేంద్రం నంబరు చెప్పి, మదురై, పోలీస్, అర్జెంట్ అని అరుస్తున్నాడు. లైను కలిసింది. అవతల ఫోను మోగుతోంది. కేంద్రం నడిపే చెల్లమ్మాళ్ అనే టీచరు ఇంట్లో ఉన్న ఫోను అది. మోగుతూనే ఉంది. అందరూ పందిట్లో ఉండి ఉంటారు.

కారిన్‌కు మా తెలుగు ఒక్క ముక్క తెలియదు. మా ముఖాలు చూసి ఆమె గుమ్మం వదిలి నా దగ్గరికి వచ్చింది. నేను ఇంగ్లీషులో నాలుగు మాటల్లో చెప్పాను. ఆమె, మదురైలో కూడా వెనక వరుస పిల్లలకేనా ప్రమాదం, ఎంతమంది ఉంటారు అని అడిగింది.

చెల్లమ్మాళ్ సంగతి నాకు తెలుసు. వీధి పెద్దలతో నెల రోజులు పోట్లాడి, రెండో పొయ్యి పెడితే పొయ్యిలో తానే దూకుతానని కూర్చున్న మనిషి. తన సొంత పిల్లలిద్దర్నీ ఈ రోజు వరుసలో కూర్చోబెడతానని కమిటీకి చెప్పిందని దొరసానే నాతో ముచ్చటగా అంది, ఈ పొద్దున్నే, కారులో.

"అక్కడ వెనక వరుస లేదమ్మా," అన్నాను. "మదురైలో మీ మాట విన్నారు. ఒకటే గంగాళం."